బోర్డర్‌లో షుగర్ ఉంది, పొద్దున టిఫిన్‌కి ఏం పెట్టాలి?

కృష్ణలంక సుజాత

అందరికీ నమస్కారం. మా వారికి 41 ఏళ్లు. ఆఫీసులో చేయించిన హెల్త్ చెకప్‌లో పరగడుపు షుగర్ 112, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.1 వచ్చాయి. డాక్టర్ గారు మందులేమీ రాయలేదు. తిండి మార్చుకుని, రోజూ నడిచి, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకు రమ్మన్నారు. మనిషి చూడ్డానికి సన్నమే, పొట్ట మాత్రం కాస్త ముందుకొచ్చింది. మా మామగారికి ఎప్పటినుంచో షుగర్, ఇప్పుడు ఇన్సులిన్ మీద ఉన్నారు. అందుకే ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది.

మా ఇంట్లో టిఫిన్ అంటే ఇడ్లీ, దోసె, ఉప్మా, ఆదివారమైతే పూరీ. మా ఆడపడుచు ఇడ్లీ పూర్తిగా మానేయమంది. పక్కింటావిడ రాగిజావ ఇమ్మంది. ఆయన ఫ్రెండ్ ఓట్స్ అన్నాడు. మా తమ్ముడేమో అసలు టిఫినే వద్దంటున్నాడు. స్కూలుకెళ్లే పిల్లలు ఇద్దరున్నారు, పొద్దున్నే ఒక్కొక్కరికి ఒక్కో వంట నా వల్ల కాదు. అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

డైటీషియన్ విశాఖ

సుజాత గారూ, ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. పరగడుపున 100 లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 దాకా ప్రీడయాబెటిస్, అంటే మీరన్న బోర్డర్. 126 గానీ ఆపైన గానీ ఉంటే, ఇంకోసారి పరీక్ష చేసి షుగర్ అని తేలుస్తారు. హెచ్‌బీఏ1సీ అయితే 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, 6.5 నుంచి షుగర్. మీ వారివి రెండూ మధ్యలోనే ఉన్నాయి. ఈ మధ్యలో ఉన్నవాళ్లు మన దేశంలో 13.6 కోట్ల మంది అని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ల ఇండియాబ్ సర్వే 2023లో లెక్క తేల్చింది. షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు.

సన్నగా ఉన్నారు కదా అని ధీమా వద్దు. మన వాళ్లలో బరువు తక్కువున్నా కొవ్వు పొట్ట దగ్గర చేరుతుంది. టేపు పెట్టి నడుం కొలవండి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్త పడాలి.

ధైర్యం చెప్పే మాట కూడా ఉంది. చెన్నైలో డాక్టర్ ఎ.రామచంద్రన్ గారి బృందం ఇలా బోర్డర్‌లో ఉన్నవాళ్ల మీదే ఒక పెద్ద ప్రయోగం చేసి 2006లో ఫలితాలు ప్రకటించింది. ఏమీ మార్చుకోని వాళ్లలో మూడేళ్లకి 55 శాతం మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక మార్చుకున్న వాళ్లలో 39 శాతం మందికే వచ్చింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇచ్చినవాళ్లలోనూ దాదాపు అంతే. అంటే మీరు వంటింట్లో చేసే మార్పు మాత్రతో సమానంగా పని చేసినట్టు. దీన్ని చిన్న విషయం అనుకోకండి.

ఇక ఇడ్లీ. మానేయక్కర్లేదు. నాలుగు ఇడ్లీలు, పలచని చట్నీ అంటే ప్లేటంతా బియ్యమే. రెండు ఇడ్లీలు, గిన్నెడు చిక్కటి పప్పు సాంబారు, ఒక గుడ్డో గుప్పెడు ఉడికించిన శనగలో పెడితే అది వేరే టిఫిన్. ఏ టిఫిన్ చేసినా ప్లేట్లో పిండి ఎంతుంది, పప్పు ఎంతుంది అని చూడండి చాలు.

మాదాపూర్ నైట్‌షిఫ్ట్

నాదీ సరిగ్గా ఇదే పరిస్థితి అక్కా. నాకు 36. హెచ్‌బీఏ1సీ 6.0 వచ్చినప్పుడు డాక్టర్ గారు చేతికి అంటించే షుగర్ సెన్సర్ పెట్టించారు. రెండు వారాలు ఫోన్లో గ్రాఫ్ కనిపిస్తూనే ఉంటుంది. నేను చూసింది చెప్తాను, అందరికీ ఇలాగే ఉంటుందని కాదు.

అన్నింటికన్నా ఎక్కువ పెరిగింది కార్న్‌ఫ్లేక్స్‌కి. ఆరోగ్యం అనుకుని కొన్నేళ్లుగా తిన్నది అదే. ఆ తర్వాత ఉప్మా, పూరీ. ఇడ్లీ నాలుగు తింటే గంటకల్లా 170 దాటేది. రెండే తిని, వాటికి ముందు ఆమ్లెట్ తింటే 140 దగ్గర ఆగేది. ఉత్త పెసరట్టుకి గ్రాఫ్ పెద్దగా కదల్లేదు. అదే పెసరట్టులో ఉప్మా పెట్టి తిన్న రోజు మాత్రం లేచింది. రెండో విషయం, అదే టిఫిన్ సాయంత్రం తింటే పెరిగినదానికన్నా పొద్దున తింటే ఎక్కువ పెరిగేది. దీనికి కారణం ఏమిటో డైటీషియన్ గారు చెప్పాలి.

డైటీషియన్ విశాఖ

తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ లాంటివి పెరుగుతాయి. ఒంటిని నిద్రలేపడానికి లివర్ గ్లూకోజ్ వదులుతుంది. ఇన్సులిన్ పనితనం తగ్గడం మొదలైనవాళ్లలో ఆ టైమ్‌లో పడిన పిండిపదార్థం షుగర్‌ని ఎక్కువ పెంచుతుంది. అందుకే బోర్డర్‌లో ఉన్న చాలామందికి పొద్దున టిఫిన్ దగ్గరే చిక్కు వస్తుంది.

ఆమ్లెట్ ముందు తినడం గురించి మీరు చూసింది నిజమే. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని పిండిపదార్థం ఆఖర్న తింటే షుగర్ తక్కువ పెరుగుతుందని న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వాళ్ల పరిశోధనలో కూడా తేలింది. ఖర్చులేని పని. సెన్సర్ మాత్రం అందరూ కొనక్కర్లేదు. తిన్న రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో చూసుకున్నా విషయం తెలుస్తుంది.

అనంతపురం రాగి ముద్ద

ఇంత చర్చ ఎందుకండీ? మా తాత ముత్తాతలు పొద్దున్నే రాగి సంగటి తిని చేనికి పోయినారు. ఒక్కరికీ షుగర్ లేదు. ఈ ఇడ్లీలు, పూరీలు వచ్చినాకే ఈ రోగాలు. సుజాత గారూ, పక్కింటావిడ చెప్పిందే కరెక్ట్, రాగికి మారండి. హైదరాబాద్ దగ్గరి పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లే చెప్పినారు కదా, చిరుధాన్యాలు షుగర్ తగ్గిస్తాయని.

డైటీషియన్ విశాఖ

అన్నగారూ, ఇక్రిశాట్ సంగతి నిజమే. 2021లో వచ్చిన ఆ సమీక్షలో చిరుధాన్యాలు రోజూ తినే షుగర్ రోగులకు పరగడుపు షుగర్ 12 శాతం, తిన్న తర్వాతది 15 శాతం దాకా తగ్గినట్టు చూపించారు. కానీ మీ తాతగారి సంగటి, పక్కింటావిడ జావ ఒకటి కాదు. మెత్తగా మర పట్టించిన రాగిపిండిని నీళ్లలో ఉడికించి, బెల్లం కలిపి గ్లాసులో తాగితే అది నమలకుండానే కడుపులోకి పోతుంది, షుగర్ గబగబా పెరుగుతుంది. బెల్లం కూడా చక్కెరే. ఐరన్ ఉందని ఇందులో మినహాయింపు లేదు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది "పంచదార మానేశాం, బెల్లమే వాడుతున్నాం" అంటుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. వాళ్లు మంచి చేసుకుంటున్నామనే అనుకుంటున్నారు.

ఇంకో మాట. 1.2 లక్షల మందికి పైగా పాల్గొన్న అదే ఇండియాబ్ సర్వేలో జనం ఏం తింటున్నారో లెక్కకట్టి 2025లో నేచర్ మెడిసిన్ పత్రికలో వేశారు. మనం తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. బియ్యం తీసేసి అంతే పరిమాణంలో గోధుమో, చిరుధాన్యమో పెడితే ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. రోజు మొత్తం కేలరీల్లో 5 శాతం మేర పిండిపదార్థాలు తీసి, ఆ స్థానంలో పప్పులు, పాలు, పెరుగు లాంటి వాటి మాంసకృత్తులు పెడితే మాత్రం తగ్గింది. ఏ ధాన్యం అని మనం దెబ్బలాడుకుంటున్నాం, ధాన్యం మొత్తం ఎంత అన్నదే అసలు ప్రశ్న.

అనంతపురం రాగి ముద్ద

జావ విషయం ఒప్పుకుంటా. బెల్లం వేసి తాగేది మా ఇంట్లో కూడా ఉంది, ఈరోజే ఆపిస్తా. కానీ సంగటిని జావతో కలపద్దండి. సంగటి ఎవరూ ఉత్తది తినరు. ఆకుకూర పప్పు, శనక్కాయల ఊరిబిండి పచ్చడి, మజ్జిగ ఉంటాయి. ముద్ద నిమ్మకాయంత విరిచి పప్పులో ముంచి తినేది. మీరు చెప్పే పప్పు మా సంగటి పక్కన ఎప్పుడూ ఉండేదే. మా దగ్గర షుగర్ పెంచేది ఇప్పటి ఉగ్గాని. బొరుగులు నానబెట్టి తాలింపు వేసి, పక్కన బజ్జీ. అది రోజూ తినేవాళ్లు ఉన్నారు.

డైటీషియన్ విశాఖ

ఆ పద్ధతిలో తింటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. ముద్ద చిన్నది, పప్పు పెద్దది. ఒక్కటే తేడా, తాతగారు ఆ ముద్ద తిన్నాక మధ్యాహ్నం దాకా చేలో వంగి పని చేశారు, మనం కుర్చీలో కూర్చుంటున్నాం.

గుంటూరు టిఫిన్స్

నమస్తే. నాకు గుంటూరులో చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. పేరు ఎందుకులెండి. ఇక్కడ ఇంట్లో టిఫిన్ గురించే మాట్లాడుతున్నారు, కానీ వారంలో సగం రోజులు బయట తినేవాళ్లు చాలామంది. కౌంటర్ ఇవతల జరిగేది చెప్తాను.

ఇంట్లో ఇడ్లీకి ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ వేస్తారు. పప్పు రేటు పెరిగినప్పుడు మా లైన్లో ఒకటికి మూడు వేసేవాళ్లు ఉన్నారు. ఇడ్లీ తెల్లగా, పెద్దగా వస్తుంది, కస్టమర్‌కి తేడా తెలియదు. మెత్తదనం కోసం అన్నం, అటుకులు కలుపుతారు. దోసె ఎర్రగా కాలాలంటే పిండిలో కొంచెం పంచదార వేస్తారు. పూరీ పొంగాలని మైదా కలుపుతారు. మైసూర్ బోండా అయితే మొత్తం మైదానే, పెరుగు, వంటసోడా వేసి కలిపి నూనెలో వేయడం. అల్లం చట్నీలో బెల్లం పడాల్సిందే, లేకపోతే జనం ఒప్పుకోరు. ఇందులో కల్తీ ఏమీ లేదు. రుచి కోసం, రేటు కోసం అందరూ చేసేదే. షుగర్ ఉన్నవాళ్లకి మాత్రం ఇది తెలియాలి.

బయట తినక తప్పకపోతే ఉప్మా లేకుండా పెసరట్టు అడగండి. ఉల్లిపాయలు ఎక్కువ వేయమనండి, వేస్తాం. పెసలు నానబెట్టి రుబ్బిన పిండే అది, కరకర కోసం గుప్పెడు బియ్యం పడుతుంది అంతే. అల్లం చట్నీ బదులు పల్లీ చట్నీ తీసుకోండి. ఇడ్లీ అయితే ఒక ప్లేటు దగ్గర ఆపి, పక్కన ఆమ్లెట్ దొరికేచోట అది తినండి. నాకు పెసరట్టు మీద లాభం తక్కువ, అయినా చెప్తున్నాను. రోజూ నా బండి దగ్గర పూరీ తిని, ఆ వెంటనే షుగర్ మాత్ర వేసుకునే కుర్రాళ్లని చూస్తున్నాను. పాతికేళ్ల పిల్లలు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఓరుగల్లు పద్మక్క

తమ్ముడూ, నువ్వు చెప్పింది ప్రింట్ తీసి గోడకు అంటించాలె. మా దిక్కు సర్వపిండి ఉంటది. బియ్యప్పిండే గానీ అందులో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు పడతయి. ఆ పప్పులు రెండింతలు చేసి, సొరకాయ తురుము కలిపి చిన్నగా ఒత్తుకుంటే ఒక్కటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి కాదు. జొన్న గటక కూడా మంచిదే, మజ్జిగ పోసుకుని తినాలె.

ఒక సంగతి మాత్రం ఎవ్వరూ రాయలేదు. చాయ్. టిఫిన్ కంటే ముందు రెండు చెంచాల చక్కెర చాయ్, దాంట్ల ముంచుకుని బిస్కెట్లు. ఆఫీసుకు పోయినంక ఇంకోటి, పదకొండింటికి ఇంకోటి. నేను ఒక హాస్పిటల్‌ల నర్సుగా చేసి రిటైర్ అయిన. ఏం తింటవ్ అని అడిగితే ఎవ్వరూ చాయ్ చెప్పకపోయేది. సుజాతా, ముందు మీ ఆయన చాయ్‌ల చక్కెర ఎంతో చూడు బిడ్డా.

డల్లాస్ రాజు

టిఫిన్ మానేయమని మీ తమ్ముడు చెప్పినదాన్ని అంత తేలిగ్గా తీసేయకండి సుజాత గారూ. నేను రాత్రి ఎనిమిదికి తిని మర్నాడు పన్నెండింటిదాకా ఏమీ తినను. బరువు తగ్గాను, షుగర్ కూడా బోర్డర్ నుంచి కిందికి వచ్చింది. ఇక్కడ మన తెలుగువాళ్లలో చాలామంది ఇదే చేస్తున్నారు.

డైటీషియన్ విశాఖ

రాజు గారూ, మీకు పనిచేసినందుకు సంతోషం. బరువు తగ్గితే షుగర్ దిగుతుంది, అమెరికా డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో 2002లోనే చూశారు. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టుకున్న వాళ్లలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది.

కానీ టిఫిన్ మానేసేవాళ్లందరినీ కలిపి చూసిన అధ్యయనాల్లో లెక్క వేరేగా ఉంది. జర్మనీ పరిశోధకులు 2018లో అలాంటివి కొన్ని కలిపి చూస్తే, టిఫిన్ మానేసేవాళ్లకి షుగర్ ముప్పు దాదాపు మూడోవంతు ఎక్కువగా కనిపించింది. అందులో కొంత భాగం వాళ్ల అధిక బరువు వల్ల వచ్చినదే, అది తీసేసినా 22 శాతం మిగిలింది. మానేయడమే కారణమని ఖాయంగా చెప్పలేం. టిఫిన్ మానేసేవాళ్లలో పొగ తాగడం, తక్కువ నిద్రపోవడం లాంటివి కూడా ఉండొచ్చు. నేను మా దగ్గరికి వచ్చేవాళ్లలో చూసేది మాత్రం ఇది: పొద్దున మానేసి, పదకొండున్నరకి ఆకలికి తట్టుకోలేక సమోసా, చాయ్. మధ్యాహ్నం రెండింతల అన్నం. మీలా నియమంగా ఉండేవాళ్లు తక్కువ.

కాకినాడ లహరి

ఆడవాళ్ల గురించి ఒక మాట. నాకు కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది. పొద్దున టిఫిన్ తర్వాతే చచ్చినా కంట్రోల్ అయ్యేది కాదు. మధ్యాహ్నం అన్నం తిన్నా బాగానే ఉండేది. అప్పుడు మా డాక్టరమ్మ పెసరట్టు, మొలకలు, గుడ్డు మీద పెట్టారు. కాన్పు అయ్యాక షుగర్ మామూలైంది, ఇంట్లో అందరూ మర్చిపోయారు. నేనూ మర్చిపోయేదాన్నేమో, ఆవిడ గట్టిగా చెప్పబట్టి పరీక్షలు చేయించుకుంటున్నాను. గర్భంతో ఉండగా షుగర్ వచ్చినవాళ్లకి తర్వాత టైప్ 2 షుగర్ వచ్చే ముప్పు మిగతావాళ్లకన్నా ఏడు రెట్లకు పైగా ఉంటుందట. కాన్పైన 6 నుంచి 12 వారాల్లో ఒకసారి, ఆ తర్వాత ఏడాది నుంచి మూడేళ్లకోసారి పరీక్ష ఉండాలి. మన ఇళ్లలో పిల్లకి టీకాల కార్డు చూస్తారు, తల్లి రిపోర్టు ఎవరూ చూడరు. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఉంటే దయచేసి ఈ నెలలోనే వెళ్లండి.

కృష్ణలంక సుజాత

ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ థాంక్స్. పద్మక్క గారూ, మీరు అడిగారని చూశాను. ఆయన రోజుకి నాలుగు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాలు. టీలు రెండుకి తగ్గిస్తానన్నారు, చక్కెర అర చెంచా.

నేను అనుకున్నది ఇది. సోమ, గురువారాలు పెసరట్టు. మంగళవారం రెండు ఇడ్లీలు, సాంబారు, గుడ్డు. ఉప్మా చేసే రోజు రవ్వ సగం, క్యారెట్, బీన్స్, బఠాణీ సగం, పక్కన పెరుగు. పిల్లలకి కూడా అదే, వాళ్లకి ఇంకో ఇడ్లీ ఎక్కువ. పూరీ నెలకొకసారి. మా అత్తగారు మాత్రం "రెండు ఇడ్లీలు పెట్టి మగవాణ్ణి పంపిస్తావా" అని బాధపడుతున్నారు. మామగారికి కూడా ఇదే పెట్టొచ్చా?

డైటీషియన్ విశాఖ

మామగారికి మాత్రం ఆగండి, ఇది ముఖ్యం. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లు పిండిపదార్థం ఉన్నట్టుండి సగం చేస్తే షుగర్ 70 కన్నా కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, పెద్దవాళ్లయితే పడిపోవడం. ముందు ఆయన డాక్టర్‌కి ఫలానా మార్పు చేస్తున్నామని చెప్పి, డోసు సరిచేయించాకే మొదలుపెట్టండి. కిడ్నీల పరీక్ష కూడా చూపించండి, పప్పు, గుడ్డు ఎంత పెట్టొచ్చో దాన్నిబట్టి చెప్తారు.

అత్తగారికి ప్లేటు చూపించండి. రెండు ఇడ్లీలు, నిండా సాంబారు, గుడ్డు, శనగల గుగ్గిళ్లు ఉన్న ప్లేటు ఖాళీగా కనిపించదు. టిఫిన్ తర్వాత ఆయన్ని కాసేపు నడవమనండి. పదిహేను నిమిషాలైనా చాలు, కాళ్ల కండరాలు ఆ గ్లూకోజ్‌ని వాడేసుకుంటాయి.

మాదాపూర్ నైట్‌షిఫ్ట్

నడక గురించి నేనూ సాక్ష్యం. ఇడ్లీ తిని క్యాబ్ ఎక్కిన రోజుకీ, కమ్యూనిటీలో రెండు రౌండ్లు తిరిగి ఎక్కిన రోజుకీ గ్రాఫ్‌లో తేడా నా కళ్లతో చూశాను.

కృష్ణలంక సుజాత

మామగారి సంగతి డాక్టర్‌ని అడిగాకే చేస్తాను, చెప్పి మంచి పని చేశారు. ఆఖరి ప్రశ్న. ఇడ్లీ పిండిలో పప్పు ఎక్కువ వేస్తే జిగురుగా వస్తోంది. ఒకటికి ఒకటి వేశాను, ఇడ్లీ పాత్రకి అంటుకుపోయింది. గుంటూరు అన్నగారూ, ఏం చేయాలి?

గుంటూరు టిఫిన్స్

ఒకటికి ఒకటి నిలబడదమ్మా. గ్లాసు మినప్పప్పుకి గ్లాసున్నర రవ్వ వేయండి. అందులో సగం బియ్యపు రవ్వ, సగం జొన్న రవ్వ. పొట్టు మినప్పప్పు అయితే ఇంకా మంచిది, పొట్టు పూర్తిగా కడగకుండా కొంత ఉంచండి, రంగు మారినా పర్లేదు. పప్పు నాలుగు గంటలకన్నా ఎక్కువ నానబెట్టకండి. రుబ్బేటప్పుడు నీళ్లు కొద్దికొద్దిగా, చల్లనివి పోయండి. జొన్న రవ్వని విడిగా రెండు గంటలు నానబెట్టి, నీళ్లు గట్టిగా పిండేసి రుబ్బిన పప్పులో కలపాలి. జిగురు వచ్చేది నీళ్లు ఎక్కువై గానీ, పిండి పులవకముందే వేసి గానీ. ఇడ్లీ దించాక రెండు నిమిషాలు ఆగి, చెంచా తడిపి తీయండి.